బిగుసుకోక ముందే కొలతలు తీయండి

జాకెట్టు కుట్టేటప్పుడు ఒంటి కొలత మీద అంగుళమో అంగుళమున్నరో లూజు వేసుకుంటాం. మనిషి ఊపిరి పీల్చాలి, చెయ్యెత్తి జడ వేసుకోవాలి, పెళ్లిలో కడుపునిండా భోంచెయ్యాలి. కాలిన ముఖానికి మాస్కు కుట్టేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. టేపు ఎంత చూపిస్తే అందులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు దాకా తగ్గించి గుడ్డ కత్తిరించాలి. అది పవర్‌నెట్ గుడ్డ, నైలాన్ దారంలో ఎలాస్టిక్ దారం కలిపి అల్లుతారు. తొడిగి వెనక వెల్క్రో అంటిస్తే నుదురూ చెంపలూ గడ్డమూ అదిమిపట్టినట్టు ఉండాలి. అలాగని కళ్లు తిరగకూడదు, నిద్ర పట్టకుండా పోకూడదు. కళ్లకీ ముక్కుకీ నోటికీ చెవులకీ కంతలు వదలాలి. ఆ కంతల అంచు ఒక దారం మందం ఎక్కువైనా పచ్చి చర్మాన్ని ఒరిసేస్తుంది.

తణుకులో నాది లేడీస్ టైలరింగ్ షాపు. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలతో ఇల్లు గడుస్తుంది. ఈ మాస్కుల పని నా చేతికి వచ్చింది ఒక కస్టమర్ వల్ల. ఆవిడ ఫిజియోథెరపిస్టు. జాకెట్టు ట్రయల్‌కి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక కంపెనీ మాస్కు తీసి, "దీన్ని చూసి ఇలాంటిది కుట్టగలవా అమ్మా?" అని అడిగారు. కంపెనీకి కొలతలు పంపితే అది తయారై కొరియర్‌లో వచ్చేసరికి వారాలు పడుతోందట. ఈలోగా ముఖం వాపు తీసి ఆకారం మారిపోతోంది. వేలు పోసి కొన్నది పెట్టెలోనే ఉండిపోతోంది. నేను గుడ్డ సాగదీసి చూశాను, కుట్టు చూశాను. జిగ్‌జాగ్ కుట్టు. మామూలు కుట్టు వేస్తే సాగినప్పుడు దారం తెగిపోతుంది. రహస్యం అంతే. మిగతాదంతా ఆవిడ నేర్పించారు. అప్పటినుంచీ చుట్టుపక్కల జిల్లాల వాళ్లు కొలతలకి వస్తూనే ఉన్నారు.

ఇన్నేళ్లు ఈ ముఖాలకి కొలతలు తీశాక నేను చెప్పదలచుకున్నది ఒకటే. కాలినవాళ్లకి మనం డబ్బు ఖర్చు పెట్టే తీరు వెనకాముందుగా ఉంది. చర్మం బిగుసుకుపోయాక కోసి విడదీయడానికి పథకం ఉంది. బిగుసుకోకుండా ఆపే గుడ్డముక్కకి లేదు.

ముందు ఆ బిగుసుకోవడం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇది తెలియదు. కట్లు తీసేసిన రోజున గండం గడిచిందని గుడిలో కొబ్బరికాయ కొడతారు. ప్రాణగండం గడిచిన మాట నిజమే. కానీ లోతుగా కాలిన చర్మం ఉంది చూశారూ, మూడు వారాలు దాటినా మూతపడక, ఆ తర్వాతెప్పుడో మానినది, అది ఊరుకోదు. తర్వాతి నెలల్లో ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, తాడులా గట్టిపడుతుంది, రాత్రుళ్లు దురద పెట్టి నిద్ర పోనివ్వదు. గాయాన్ని నలువైపుల నుంచీ దగ్గరకి లాగి మూసే కణాలు, గాయం మూసుకున్నాక కూడా లాగుతూనే ఉంటాయని డాక్టర్లు చెబుతారు. ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు ఇదే వరస. పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఆ తర్వాత మచ్చ ఎరుపు తగ్గి, మెత్తబడి, స్థిరపడుతుంది. ఎలా స్థిరపడుతుందన్నది మటుకు ఆ మధ్యకాలంలో మనమేం చేశామన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. ఆస్పత్రి వాళ్లకి మనిషి కనిపించనిది సరిగ్గా ఆ కాలంలోనే.

ఒంట్లో మిగతా చోట్లకీ ముఖానికీ తేడా ఉంది. కంటిరెప్ప వెనకా, పెదవి వెనకా ఎముక లేదు. ఎటు లాగితే అటు వెళ్లిపోతాయి.

ఫ్యాక్టరీలో రియాక్టర్ దగ్గర పనిచేసే ఒకాయన మాస్కు కొలతకి వచ్చారు. టేపు చెంప మీద పెట్టి, "కళ్లు మూసుకోండి బాబూ" అన్నాను. మూసుకున్నానన్నారు. కుడికన్ను మూతపడలేదు. కిందిరెప్ప చెంప మచ్చతోపాటు కిందకి దిగి, లోపలి ఎర్రటి పొర బయటికి తిరిగి, నీళ్లు కారుతున్నాయి. రాత్రి నిద్రలో కూడా ఆ కన్ను తెరిచే ఉంటోందట, వాళ్లావిడ తడిబట్ట కప్పుతోందట. టేపు చుట్టేసి, "కొలత తర్వాత, ముందు కంటి డాక్టరు దగ్గరకి వెళ్లండి, ఈరోజే" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. టైలరు దగ్గరకి వస్తే కంటి డాక్టరంటుందేమిటని. మూతపడని కన్ను ఆరిపోతుంది. ఆరితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, పుండు మానితే తెల్ల మచ్చ మిగులుతుంది, చూపు పోతుంది. మంటల్లో దక్కిన కన్ను మచ్చ వల్ల పోవడం కన్నా అన్యాయం ఇంకోటి ఉండదు. ఇలాంటప్పుడు మచ్చ మెత్తబడేదాకా ఏడాది ఆగరు. ముందే రెప్పని విడదీసి చెవి వెనక నుంచి నిండు మందం చర్మం తెచ్చి వేస్తారు. పల్చగా గీసి తీసిన చర్మం మళ్లీ ముడుచుకుపోతుంది, మందంగా తీసింది తక్కువ ముడుచుకుంటుంది. అందుకే కిందిరెప్పకి అది.

నోటిది ఇంకో కథ. మామూలు మనిషి నోరు తెరిస్తే తన మూడు వేళ్లు నిలువునా పళ్ల మధ్య పడతాయి. ఇది చదువుతూ ఒకసారి చేసి చూడండి. భీమవరం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయికి ఒక వేలు పట్టేది, అది కూడా పక్కకి తిప్పితే. గ్యాస్ లీకైన వంటింట్లో లైటు స్విచ్ వేసింది పాపం. నోటి రెండు మూలలూ మచ్చకట్టి దగ్గరకి వచ్చేశాయి. వాళ్లమ్మ అన్నం మెత్తగా పిసికి, చిన్నపిల్లలకి పెట్టినట్టు చిటికెడంత ముద్దలు చేసి పెట్టేది. పళ్లు తోముకోవడానికి బ్రష్ దూరదు. పన్ను పుచ్చితే డాక్టరు చెయ్యి దూరదు. రేపు ఏ ఆపరేషన్‌కో మత్తు ఇవ్వాలంటే గొట్టం దూరదు. దీనికి వాడే సాధనం పెద్ద యంత్రమేమీ కాదు. రెండు మూలల్లో తగిలించి అటూ ఇటూ సాగదీసి ఉంచే ఒక స్ప్లింటు. అది దొరక్కపోతే ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్కపుల్లలు ఒకదాని మీద ఒకటి పళ్ల మధ్య పెట్టి, వారానికి ఒకటో రెండో పెంచుకుంటూ పోవడం. మొదట్లోనే మొదలుపెడితే పని చేస్తాయి. ఆ అమ్మాయికి డిశ్చార్జి రోజున ఎవరూ చెప్పలేదు. చీటీలో మాత్రలున్నాయి, ఆయింట్‌మెంటు ఉంది, పదిహేను రోజుల తర్వాత రమ్మని ఉంది. నోరు సంగతి లేదు.

మెడ విషయంలో దోషం మన ప్రేమది. మంచాన పడ్డ మనిషికి రెండు తలగడలు ఎత్తుగా పెట్టడం మన ఇళ్లలో ఆప్యాయత. కాలిన మెడ కింద తలగడ పెడితే గడ్డం గుండెకేసి వంగి అలాగే మానిపోతుంది. తలగడ తీసేసి, భుజాల కింద తువ్వాలు చుట్టిపెట్టి, మెడ వెనక్కి వాలేలా పడుకోబెట్టాలి. నొప్పిగా ఉంటుంది. నొప్పి తక్కువగా ఉండే భంగిమలోనే చర్మం బిగుసుకుంటుందని వార్డులో పనిచేసే ప్రతి ఫిజియోథెరపిస్టుకీ తెలుసు. ఇంట్లో పిన్నికీ, నాయనమ్మకీ ఎవరు చెప్పాలి? పప్పు తింటే చీము పడుతుందని గుడ్డూ పప్పూ ఆపేసేది కూడా వాళ్లే. కొత్త చర్మం కట్టాలంటే మామూలు కన్నా ఎక్కువ మాంసకృత్తులు కావాలని డాక్టర్లు మొత్తుకుంటారు. ఇంట్లో చారన్నం పథ్యం నడుస్తూ ఉంటుంది.

ఇక నా మాస్కు గురించి. ఇది నేను కనిపెట్టింది కాదు, మన దేశంలో పుట్టిందీ కాదు. 1970ల మొదట్లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ ఊళ్లో, కాలిన పిల్లల ఆస్పత్రిలో లార్సన్ అనే సర్జనూ ఆయన తోటివాళ్లూ ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. కాళ్లలో రక్తనాళాల జబ్బుకి వేసే బిగుతు మేజోడు కింద కాలిన మచ్చ అణిగి ఉండడం చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. తర్వాత 1979లో అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ ఊళ్లో థెరపిస్టులు ముఖానికి గట్టి ప్లాస్టిక్‌తో పారదర్శకమైన మాస్కు గురించి రాశారు. ముఖం అచ్చు తీసి, దాని మీద ప్లాస్టిక్‌ని వేడిచేసి పరిచి ఆకారం తెస్తారు. అద్దంలా కనిపిస్తుంది కాబట్టి ఒత్తిడి పడిన చోట మచ్చ తెల్లబారడం పైనుంచే చూడొచ్చు. గుడ్డ కన్నా అది మేలని నేనే ఒప్పుకుంటాను. కానీ మన జిల్లాల్లో దొరకదు.

గుడ్డకి దాని ఇబ్బందులు దానికున్నాయి. ముఖం బల్లపరుపుగా ఉండదు. ముక్కు పక్కన, కింది పెదవి కింద, కంటి మూల దగ్గర గుంటలుంటాయి. గుడ్డ ఆ గుంటల మీదుగా వంతెనలా సాగిపోతుంది, అడుగున ఒత్తిడి పడదు. అక్కడ స్పాంజి ముక్కలో, సిలికాన్ ముక్కలో ఆ గుంట ఆకారానికి కోసి లోపల కుట్టాలి. వేలికి కుట్టిన తొడుగు కొంచెం బిగిస్తే చాలు గట్టిగా నొక్కుతుంది. అంతే బిగువు తలకి వేస్తే ఒత్తిడి చాలదు, ఎందుకంటే చుట్టుకొలత పెద్దది. ఇది కాగితం మీద లెక్కకన్నా చేతికి తెలుస్తుంది. పెరిగే పిల్లలైతే మరీ జాగ్రత్త, గడ్డం మీద ఎక్కువ కాలం బిగువు పెడితే దవడ ఎదుగుదల మీద ప్రభావం పడుతుందని పళ్ల డాక్టరుకి చూపించుకుంటూ ఉండమంటారు. మరిగే చారు గిన్నె లాక్కుని గడ్డమూ మెడా కాల్చుకున్న ఒక బాబుకి కుడుతున్నాను. వాడి కొలతలు స్కూలు యూనిఫారం కన్నా తొందరగా మారిపోతాయి.

రోజుకి 23 గంటలు వేసుకోమంటారు. స్నానానికీ, నూనె రాసి మర్దనా చేసుకోడానికీ తియ్యాలి, అంతే. మే నెలలో మా గోదావరి జిల్లాల ఉక్క తెలిసినవాళ్లెవరైనా ఈ మాట రాయగలరా అని నాకు అనుమానం. చెమటకి పొక్కులొస్తాయి, గుడ్డ వాసన వేస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోతే తీసేస్తారు. తీసేశామని నా దగ్గర తప్పుచేసినట్టు తలవంచుకుంటారు. నేను తిట్టను. ఒకటి ఉతికితే ఇంకొకటి ఉండాలి, అందుకని ఎప్పుడూ జత కుడతాను. చేత్తో ఉతకాలి, పిండకూడదు, ఎండలో ఆరెయ్యకూడదు. ఎంత జాగ్రత్తగా వాడినా రెండు మూడు నెలలకి ఎలాస్టిక్ చచ్చిపోతుంది. మళ్లీ కొలత, మళ్లీ జత. రంగు గురించి కూడా చెప్పాలి. కంపెనీల మాస్కులు చాలావరకు పాలిపోయిన గోధుమరంగులో వస్తాయి, తెల్లవాళ్ల ఒంటి రంగన్నమాట. మన చామనచాయ ముఖం మీద అది ఆస్పత్రి కట్టులా దూరం నుంచే కనపడుతుంది. నేను ముదురు రంగు గుడ్డ తెప్పిస్తాను. చిన్న విషయమే, కానీ బస్సెక్కే అమ్మాయికి చిన్నది కాదు.

మాస్కు మచ్చని మాయం చేస్తుందా అని అడుగుతారు. చెయ్యదు. 2009లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసినవాళ్లు, ప్రెషర్ గార్మెంట్ల వల్ల మచ్చ ఎత్తు కొద్దిగా తగ్గిందనీ, మొత్తం మీద మచ్చ బాగుపడిందని రుజువు కాలేదనీ రాశారు. ఆ ఫిజియోథెరపిస్టు మేడమే నాకిది చెప్పారు, దాచలేదు. సిలికాన్ జెల్ షీట్ సంగతీ దాదాపు అంతే. 1980ల నుంచీ వాడుతున్నారు, రోజుకి పన్నెండు గంటలకి పైగా, నెలల తరబడి అంటించుకోవాలి. కొందరికి బాగా మెత్తబడుతుంది, కొందరికి అంతంతమాత్రం. గట్టిగా ఉబ్బిన చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఈమధ్య లేజర్‌తో సన్నటి రంధ్రాలు పొడిచి మచ్చని వదులు చేస్తున్నారు. నా దగ్గరకొచ్చే ఒకరిద్దరు హైదరాబాద్ వెళ్లి చేయించుకుని, దురదా బిగుతూ తగ్గాయని సంతోషంగా చెప్పారు. వాళ్లకి డబ్బుంది.

మరి అంత గట్టి రుజువు లేనిదానికి ప్రభుత్వం ఎందుకు ఖర్చు పెట్టాలి అంటారా? నా జవాబు గుడ్డలో లేదు. ఎలాస్టిక్ చచ్చిపోవడంలో ఉంది. రెండు నెలలకోసారి అది వదులైపోతుంది కాబట్టి మనిషి మళ్లీ వస్తాడు. పదిహేను రోజులకి రమ్మని చీటీ రాస్తే కూలి పోతుందని రాని మనిషి, మాస్కు వదులైందంటే వస్తాడు. వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆ ముఖాన్ని దగ్గర నుంచి, టేపు పట్టుకుని, అంగుళం అంగుళం చూస్తారు. కన్ను మూతపడుతోందా, మూడు వేళ్లూ పడుతున్నాయా, గడ్డం పైకి లేస్తోందా. నేను చూస్తున్నాను, కాబట్టి చెబుతున్నాను, నేను చదివింది పదో తరగతి. నా స్థానంలో ఆస్పత్రిలోనే ఒక థెరపిస్టు ఉంటే ఆ రియాక్టర్ ఆయన కన్ను నెలల ముందే దొరికేది. మాస్కు ధర మందు ధర అనుకోకండి. కాలినవాళ్లని చెయ్యి వదలకుండా పట్టుకునే ఖర్చు అనుకోండి.

ఇప్పుడు డబ్బు ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల జాబితాని మా అమ్మాయి ఫోన్లో తీసి నాకు చదివి వినిపించింది. కాలిన తర్వాత బిగుసుకున్న చర్మానికి చేసే ఆపరేషన్ పద్దు పేరులోనే, స్ప్లింట్లు, ప్రెషర్ గార్మెంట్లు, సిలికాన్ జెల్ షీట్లు, ఫిజియోథెరపీ కలిపి అని రాసి ఉంది. అంటే ఇవి అవసరమని ఆ జాబితా రాసినవాళ్లకి బాగా తెలుసు. కాలిన కొత్తలో చేర్చుకునే పద్దుల్లో గ్రాఫ్టు ఉంది, డ్రెస్సింగులున్నాయి, గార్మెంటు మాట లేదు. ముఖం వంకర తిరిగేదాకా ఆగి, కోయించుకోడానికి వస్తే అప్పుడు మాస్కు ఇస్తారన్నమాట! ఈలోగా ఏడాదిపాటు రెండు మూడు నెలలకో జత ఎవరు కొనాలి? నా దగ్గరకి వచ్చేవాళ్లలో ఆటో డ్రైవరు భార్యలున్నారు, రొయ్యల షెడ్డులో పనిచేసే పిల్లలున్నారు, హోటల్లో బజ్జీలు వేసే కుర్రాళ్లున్నారు. నేను గుడ్డ ఖర్చు తీసుకుని కుడతాను. నా కుట్టుకూలి వదులుకోవడం ఒక రాష్ట్రానికి పథకం కాలేదు కదా.

ఆపరేషన్‌ని నేను తక్కువ చెయ్యడం లేదు. నా వృత్తివాళ్లకి అది చూస్తే ముచ్చటేస్తుంది కూడా. బిగిసిన తాడులాంటి మచ్చ మీద ఇంగ్లిషు జెడ్ అక్షరం ఆకారంలో కోసి, రెండు మూలముక్కల్నీ అటుదిటు ఇటుదటు మార్చి కుడతారు. అడ్డం కొలత పోయి నిలువు కొలత వస్తుంది. కోణాలు 60 డిగ్రీలుంటే ఆ గీత మీద పొడుగు లెక్కప్రకారం ముప్పావు వంతు పెరుగుతుంది. చంకలో బిగిసిన జాకెట్టుకి పీసు వేసి విప్పుతామే, అదే బుద్ధి. అయితే జాకెట్టుకి మళ్లీ జ్వరం రాదు, మత్తు ఇవ్వక్కర్లేదు, కొత్త కుట్టు మళ్లీ మచ్చ కట్టదు. మనిషికి కడుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా మళ్లీ స్ప్లింటూ మాస్కూ మర్దనా తప్పవు.

దేశంలో ఏటా సుమారు 70 లక్షల మంది కాలిన గాయాల పాలవుతున్నారనీ, 1.4 లక్షల మంది చనిపోతున్నారనీ, 2.4 లక్షల మంది వైకల్యంతో మిగులుతున్నారనీ కేంద్ర ప్రభుత్వ కార్యక్రమ పత్రాలే అంచనా చెబుతాయి. చనిపోయినవాళ్ల లెక్క మనకి టీవీల్లో తెలుస్తుంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం, 2025 జూన్‌లో పాశమైలారం, రెండూ ఫార్మా ఫ్యాక్టరీల్లో పేలుళ్లే. ఆ సాయంత్రానికే నాయకులొస్తారు, పరిహారం ప్రకటిస్తారు, మంచాల మధ్య ఫొటోలు దిగుతారు. ఆ మంచాల మీద ఉన్నవాళ్లు బతికి ఇంటికెళ్లాక ఆరో నెలలో వాళ్ల నోరు ఎంత తెరుచుకుంటోందని అడిగిన కెమెరా నేనెప్పుడూ చూడలేదు.

చట్టంలోనూ ఒక చిత్రం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులని వైకల్యాల జాబితాలో పేరుపెట్టి చేర్చింది. అంతకుముందే 2013లో సుప్రీంకోర్టు వాళ్లకి కనీసం 3 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. రెండూ ఎంతో పోరాడి తెచ్చుకున్నవి, అందులో ఒక్క అక్షరం తగ్గకూడదు. కానీ ఆ నిర్వచనం ఎవరో యాసిడ్ చల్లితే వికృతమైనవాళ్లకి వర్తిస్తుంది. గ్యాస్ మంటకి కాలిన ముఖం దాని కింద రాదు. చేయో కాలో కదలకపోతే ఆ లెక్కన సర్టిఫికెట్ రావచ్చు. మా భీమవరం అమ్మాయికి చేతులూ కాళ్లూ బాగున్నాయి. ముఖం ఒక్కటే పోయింది. షాపులో సేల్స్‌గర్ల్ ఉద్యోగం మానేయమన్నవాళ్లకి ఆ తేడా తెలియదు, అక్కర్లేదు.

ఆ ముఖం మీద పడే చూపుల గురించి కూడా చెప్పేస్తాను. రెండో ప్రపంచయుద్ధంలో కాలిపోయిన విమాన సైనికులకి ఇంగ్లండులో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న ఊళ్లో మాకిండో అనే సర్జన్ ఆపరేషన్లు చేసేవాడు. ఒక్కొక్కరికీ ఎన్నో ఆపరేషన్లు, ఏళ్ల తరబడి. మధ్యలో వాళ్లని వార్డులో దాచిపెట్టలేదు, ఊళ్లోకి పంపేవాడు. ఊళ్లోవాళ్లకి ముందే చెప్పి ఒప్పించాడట. ఈ మనుషులు వస్తారు, గుడ్లప్పగించి చూడకండి అని. గుడ్లప్పగించని ఊరుగా దానికి పేరొచ్చింది. 1941లో ఆ రోగులంతా తమకి తామే ఒక క్లబ్బు పెట్టుకున్నారు. మన ఊళ్లకి అంత కష్టం అక్కర్లేదు. మాస్కు వేసుకున్న మనిషి బస్సెక్కితే పక్క సీటు ఖాళీగా వదిలెయ్యకుండా కూర్చోండి. "ఏమైందమ్మా?" అని బస్సంతా వినపడేలా అడక్కండి. మీ పిల్లాడు భయపడితే వాడి కళ్లు మూసెయ్యకుండా, "ఆ అక్కకి దెబ్బ తగిలింది, అది మందు" అని చెప్పండి. పిల్లలకి అది చాలు, పెద్దవాళ్లకే చాలదు.

ఇక ప్రభుత్వాన్ని అడిగేది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లాల్లో పెద్దాసుపత్రులున్నాయి. ప్రతి దాన్లోనూ ఒక గది, ఒక జిగ్‌జాగ్ మిషను, పవర్‌నెట్ గుడ్డ తానులు, ఒక ఫిజియోథెరపిస్టు లేక ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఒక టైలరు. ఈ మిషను ధర సూపరింటెండెంట్ గారి గదిలో ఏసీ ధరంత కూడా ఉండదు. టైలర్లకి కొరత లేదు, రెడీమేడ్లు వచ్చి పనిలేక కూర్చున్న ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. డ్వాక్రా సంఘాల్లో మిషను కుట్టడం నేర్చుకున్నవాళ్లే ఎందరో. వాళ్లకి కొలత తగ్గించే లెక్క నేర్పడం కష్టం కాదు, నాకు వచ్చిందంటే ఎవరికైనా వస్తుంది. పిలిస్తే నేనే వచ్చి నేర్పుతాను. కాలిన కొత్తలో చేర్చుకునే ప్యాకేజీలోనే ఏడాదికి సరిపడా గార్మెంట్లూ, నోటి స్ప్లింటూ, సిలికాన్ షీట్లూ, థెరపిస్టు దగ్గరకి వచ్చిపోయే బస్సు ఛార్జీలూ కలపండి. రెండు నెలలకోసారి కొలత తీసినప్పుడే కంటినీ నోటినీ మెడనీ చూసి రాయండి.

ఇవన్నీ ఒకేసారి కుదరవంటే ఒక్కటి చెయ్యండి, దానికి బడ్జెట్ అక్కర్లేదు. ముఖం, మెడ కాలిన ప్రతి పేషెంటు డిశ్చార్జి కాగితంలో మూడు గడులు పెట్టండి. కన్ను పూర్తిగా మూతపడుతోందా, నోట్లో ఎన్ని వేళ్లు పడుతున్నాయి, గార్మెంటు కొలతలు ఏ తేదీన తీశారు. ఆ మూడూ నింపని ఆస్పత్రికి బిల్లు ఆపండి.